నాలుగో తిప్పులో జంకు

మా ఆఫీసులో అందరికన్నా పెద్దవాళ్లు ఇద్దరు. ఒకరు జోగారావు గారు, రెండోది తప్పుల పుస్తకం. ఆయన మాట మారుస్తారు గానీ పుస్తకం మార్చదు.

'గోదా' అనే వీడియో గేము మీరు ఎప్పుడో ఒకప్పుడు ఆడే ఉంటారు. తెర మీద ఇద్దరు కొట్టుకుంటారు, ఒకరు పడిపోతారు, పడిపోయినవాడు ఇంకొక్క ఆట అంటాడు. మొదటి గోదా విజయనగరం బస్టాండు ఎదురుగా బీరువా అంత పెట్టెలో వచ్చింది. మూడోదాంట్లో బొమ్మలకి వెనకవైపు కూడా వచ్చింది, అంతవరకూ అట్టముక్కల్లా ఉండేవి. ఐదోది నెట్లోకి వెళ్లింది. ఆరోది ఫోనులో దూరి జనం బొటనవేళ్లు అరగదీసింది. ఎనిమిదోదానికి చేత్తో నొక్కే మీటలు కూడా అక్కర్లేకపోయింది, ఎదురుగా నిలబడి చెయ్యి విసిరితే తెర మీద బొమ్మ విసిరేది. ఇప్పుడు విశాఖపట్నంలో, సీతమ్మధారలో, లిఫ్టు పనిచెయ్యని బిల్డింగు మూడో అంతస్తులో తొమ్మిదోది తయారవుతోంది.

నా పేరు నీలవేణి. నేను చూసేది తూకం. ఏ బొమ్మా మరీ బలంగా గానీ, మరీ నీరసంగా గానీ లేకుండా చూడటాన్ని మేం తూకం అంటాం. తెర మీద కదలికని సెకనుకి అరవై ముక్కలు చేస్తే ఒక్కో ముక్కా ఒక ఫ్రేము. ఎవరి దెబ్బ ఎన్ని ఫ్రేముల్లో తగులుతుందో చూసి, ఎక్కువతక్కువలు సర్ది, తేడా వస్తే తప్పుల పుస్తకంలో రాయాలి. ఒకరి తప్పులు పట్టడం నాకు చిన్నప్పటినుంచీ ఇష్టం. దానికి జీతం కూడా ఇస్తారని తెలిశాక మరో ఉద్యోగం వెతకలేదు.

తొమ్మిదో గోదాలో కొత్త సంగతి వయసు. ఆడేవాడు ఎంచుకున్న బొమ్మ ఇరవై ఏళ్ల దగ్గర మొదలై, ఆడుతున్నకొద్దీ ముదురుతుంది. జోగారావు గారి ఆలోచన అది. "మొదటి గోదా ఆడినవాళ్లందరికీ ఇప్పుడు మోకాళ్ల నొప్పులు వచ్చాయమ్మా. వాళ్ల బొమ్మలకి మాత్రం రాకపోతే ఏం న్యాయం?" అన్నారు.

నొప్పులు తెప్పించే యంత్రాన్ని మా ఆఫీసులో ప్రోగ్రాములు రాసే ఫర్జానా తయారుచేసింది. దాని పేరు 'వంశం'. ఎనిమిది గోదాల్లోనూ ప్రతి బొమ్మ వెనకా ఒకప్పుడు ఒక నిజం మనిషి కదిలాడు. ఆ పాత రికార్డింగు వేస్తే, వంశం ఆ కదలికను చూసి లోపలి ఒంటిని ఊహిస్తుంది. ఎముక ఎంత పొడవు, కండ ఎంత పట్టు, మెదడు చెప్పిన మాట కాలికి ఎంతసేపట్లో అందుతోంది, ఇవన్నీ తెలుసుకుని ఆ ఒంటిని ముందు ఇరవై ఏళ్లకి తగ్గించి, అక్కణ్ణుంచి ఏడాదికేడాది వయసు పెంచుతుంది.

ఆ మంగళవారం నేను మూడంతస్తులెక్కి ఆయాసపడుతుంటే, ఫర్జానా టీ గ్లాసు నా చేతిలో పెట్టి నన్ను తెర వైపు తిప్పింది.

"అక్కా, అందరూ ముసలివాళ్లయ్యారు. మీ తాతొక్కడే మొరాయిస్తున్నాడు."

గోదాలో కర్రసాము చేసే సింహాద్రి మా తాతే. పేరు కూడా ఆయనదే. గజపతినగరం దగ్గర మా ఊళ్లో ఆయన నలుగురికి కర్ర నేర్పేవాడు. జోగారావు గారు అప్పట్లో టీవీలు బాగుచేసేవారు. పెళ్లిళ్లకి వాడే కెమెరా అద్దెకి తెచ్చి తాత చేసిన తిప్పులు తీసి, టీవీలో ఒక్కో ఫ్రేమూ ఆపి, తెర మీద బటర్ పేపరు అంటించి గీసుకున్నారు. మొదటి గోదా పుట్టింది అలా. మూడు, నాలుగు గోదాలకి మా నాన్న పైడిరాజు చేశాడు. ఏడుకి నేను చేశాను. ఒళ్లు మారినా తెర మీద పేరు సింహాద్రే.

ఫర్జానా వయసు పెంచే చక్రం తిప్పింది. ముందు పహిల్వాన్ రాజ్యం అనే బొమ్మ. డెబ్బై ఏళ్లకి ఆవిడ నడుం వంగింది గానీ ఎదుటివాణ్ణి ఎత్తి పడేసింది. తర్వాత సింహాద్రి. ముప్పై ఏళ్లకి కర్ర కనపడనంత వేగం. నలభైకి నాలుగో తిప్పులో ఎడమకాలు ఒక్క క్షణం నిలబడిపోయింది. నలభై ఎనిమిదికి ఆ నిలవడం ఎవరికైనా కనిపించేంత ఉంది. యాభై ఐదుకి ఎదుటివాడు దెబ్బ వెయ్యకుండానే సింహాద్రి తూలి కింద పడ్డాడు.

నాకు నవ్వొచ్చింది. "ఇది కొత్త తప్పేం కాదు, మా ఇంటి జంకు" అన్నాను.

"జంకా?"

తప్పుల పుస్తకం తెచ్చి చూపించాను. మొదటి గోదా పేజీలో జోగారావు గారి కలం: "సింహాద్రి, నాలుగో తిప్పులో జంకు. పద్నాలుగు ఫ్రేములు. కత్తిరించాను." మూడో గోదాలో ఇంకెవరిదో దస్తూరి: "నాలుగో తిప్పులో జంకు. మూడు ఫ్రేములు. సరిచేశాం." నాలుగులో: "మళ్లీ జంకు. ఏడు ఫ్రేములు. సరిచేశాం." ఏడో గోదాలో నా దస్తూరి: "ఈసారి జంకు లేదు. దానంతటదే పోయింది." దాని కింద కొంచెం గర్వంగా గీత కూడా గీశాను.

తమాషా ఏమిటంటే ఆటగాళ్లకి ఆ జంకే కావాలి. నాలుగో గోదాలో మావాళ్లు సరిచేసింది సరిగ్గా అతకలేదు, కొంచెం మిగిలిపోయింది. సింహాద్రి ఆగేసరికి ఎదుటివాడు కాచుకోవడం మానేసేవాడు, అప్పుడు కర్ర పడేది. ఆ ఎత్తు జనానికి తెగ నచ్చింది. ఏడులో అది లేదని "మా జంకు మాకిచ్చెయ్యండి" అంటూ వేలమంది ఉత్తరాలు రాశారు. చేసేది లేక ఎనిమిదిలో నేనే చేత్తో ఏడు ఫ్రేముల జంకు అతికించాను.

ఫర్జానా పుస్తకం పేజీలు అటూ ఇటూ తిప్పింది. తెర మీద తాతని మళ్లీ మళ్లీ ఆడించింది. తర్వాత నాన్నని. ఆ పిల్లకి ఏదైనా వింత కనపడితే టీ చల్లారిపోయినా తెలియదు. నా టీ కూడా చల్లారింది.

"ఇది జంకు కాదక్కా" అంది చివరికి. "మనిషి జంకితే ఒళ్లంతా జంకుతుంది. ముందు కళ్లు బెదురుతాయి, తర్వాత భుజాలు వెనక్కి వెళ్తాయి. ఇక్కడ చూడు. భుజం ముందుకే వెళ్తోంది. చెయ్యి వెళ్తోంది. మెదడు కాలికి కూడా పదమనే చెప్పింది. కాలొక్కటే వినలేదు."

"ఇద్దరికీ ఒకే కాలా?"

"అదే కాలు, అదే చోట. పైగా మీ నాన్నకి అయిదేళ్లలో మూడు కాస్తా ఏడైంది." ఆమె గొంతు తగ్గించింది. "నేను డాక్టర్ని కాదు. కానీ అంకుల్ని నరాల డాక్టరుకి చూపించు. ఇంకో మాట. నీ ఏడో గోదా రికార్డింగు నా దగ్గరుంది. అప్పుడు నీకు ఇరవై ఎనిమిది. దాన్ని వంశంలో వేస్తే నలభైకి నువ్వెలా ఉంటావో చెబుతుంది. నేను వెయ్యలేదు. నువ్వు చెప్తేనే వేస్తాను."

నాకు ముప్పై ఎనిమిది. వచ్చేవారం మా రికార్డింగు గదిలో తొమ్మిదో గోదా సింహాద్రి కోసం మళ్లీ నేనే కర్ర తిప్పాలి. పరాయివాళ్ల తప్పులు ఫ్రేము ఫ్రేమునా పట్టే నాకు, సొంత కాలి సంగతి అడగడానికి నోరు రాలేదు.

"వద్దు" అన్నాను. "ఇప్పుడొద్దు."

ఇంటికి వెళ్లేసరికి నాన్న వరండాలో కూర్చుని చిక్కుడుకాయలు తుంచుతున్నాడు. గోడ పట్టుకుని నడవడం మొదలై పదేళ్లయింది. ఒకరు వాతమన్నారు, ఒకరు షుగరు అన్నారు, ఆయన మాత్రం ఆటో తోలిన కాళ్లు అలాగే ఉంటాయని తేల్చేశాడు. ఆ కాళ్లని ఎప్పుడైనా కర్రసాముతో కలిపి చూశామా అంటే లేదు. మా ఇంట్లో కర్రసాము మాట వస్తే నాన్న లేచి వెళ్లిపోతాడు.

దానికో కారణముంది. మా ఊళ్లో మమ్మల్ని ఇంటిపేరుతో పిలవరు. జంకోళ్లు అంటారు. తాత ముసలితనంలో పోటీకి దిగి నాలుగో తిప్పులో ఆగిపోయాడు. నాన్న నలభై రెండో ఏట ఊరి పండగలో, మూడు ఊళ్ల జనం చూస్తుండగా, అదే తిప్పులో ఆగాడు. అవతలివాడి కర్ర చెవి మీద పడింది. పడినందుకు కాదు గానీ, జనంలోంచి ఎవరో "జంకేడ్రా, ఈడూ జంకేడు" అన్నందుకు ఆ సాయంత్రమే కర్ర ఎత్తి అటక మీద పడేశాడు. నాకు మాత్రం అంతకుముందే నేర్పేశాడు. మా సాములో తిప్పులు నాలుగే. తల మీద ఒకటి, నడుం చుట్టూ ఒకటి, కాళ్ల కింద ఒకటి, ఎడమకాలి మీద బరువు వేసి వెనక్కి తిరిగేది నాలుగోది. సింహాద్రికి కొత్త తిప్పు ఇవ్వరేమని ఆటగాళ్లు ముప్పై ఏళ్లుగా తిడుతున్నారు. లేనిది ఎక్కణ్ణుంచి తేను?

మర్నాడు జోగారావు గారిని పాత టేపు అడిగాను. ఆయన తీసిచ్చి, పక్కన కూర్చుని, చాలాసేపు కళ్లజోడు తుడుచుకున్నారు.

"మొదట టేపు ఇరుక్కుందనుకున్నానమ్మా. మళ్లీ చెయ్యమన్నాను. మళ్లీ ఆగాడు. పదకొండుసార్లు చేయించాను. పన్నెండోసారి మీ తాత కర్ర నా కాళ్ల దగ్గర పడేసి, నాకేటి బయమనుకుంటున్నావా బాబూ అన్నాడు. నేను కాదనలేదు. పుస్తకంలో జంకు అని రాశాను. ఇంకో మాటేదీ తట్టలేదు."

ఆయన మీద కోపం వచ్చింది. వెంటనే నా గర్వపు గీత గుర్తొచ్చి ఆ కోపం మింగేశాను.

నరాల డాక్టరు నాన్నని నడిపించింది, వేళ్లు తట్టించింది, కళ్లు మూసుకుని నిలబెట్టింది. ఫర్జానా ఇచ్చిన బొమ్మలు రెండుసార్లు చూసింది. రక్తం తీసి పంపిన మూడు వారాలకి కాగితం వచ్చింది. తండ్రి నుంచి బిడ్డకి వచ్చే నరాల జబ్బు. మెల్లిగా పెరుగుతుంది. పూర్తిగా తగ్గించే మందు లేదు. ముందే తెలిస్తే మాత్రం మందులతో, కసరత్తుతో చాలా ఏళ్లు నెట్టుకురావచ్చు. పిల్లలకి వచ్చే అవకాశం సగానికి సగం. "మీరూ పరీక్ష చేయించుకుంటారా?" అని ఆవిడ మెత్తగా అడిగింది. ఆలోచించుకుని చెబుతానన్నాను. ఆ మూడు వారాలూ రికార్డింగు వాయిదా వేయించాను, ఏవో జ్వరాలు కల్పించి.

నాన్నకి ఎలా చెప్పాలో దారంతా తిప్పి తిప్పి ఆలోచించాను. చెప్పడానికి రెండు నిమిషాలు కూడా పట్టలేదు. ఆయన చిక్కుడుకాయల పళ్లెం పక్కన పెట్టాడు.

"మళ్లీ సెప్పు."

చెప్పాను. తెర మీద చూసింది కూడా చెప్పాను. భుజం ముందుకే వెళ్లిందని, కాలికే మాట అందలేదని.

"అయితే నాను జంకనేదా?"

"లేదు నాన్నా."

"డాక్టరమ్మ అలగని రాసిచ్చిందా?"

"జబ్బు పేరు రాసింది. జంకు మాట ఆవిడకెలా తెలుస్తుంది?"

"రాయించాలి తల్లీ. ఊరికి పంపాలి." ఆయన కాగితాన్ని తలకిందులుగా పట్టుకుని చూస్తున్నాడు. నవ్వుతున్నాడని అనుకున్నాను. ఇరవై ఏళ్లలో మొదటిసారి, కర్రసాము మాట వచ్చినా లేచి వెళ్లలేదు. తర్వాత గొంతు మారింది. "మా అయ్య ఓడిపోయొచ్చిన్నాడు నాను గుమ్మంకాడే ఉన్నాను. నీళ్లడిగేడు. జంకుగాడికి నీళ్లేటి అన్నాను. కన్నకొడుకుని, అలగన్నాను. అయ్య ఏటీ అన్నేదు. ఆయనే తోడుకుని తాగేడు."

నేను పక్కన కూర్చున్నాను. నాన్న ఏడవడం అంతకుముందు అమ్మ పోయినప్పుడు ఒక్కసారే చూశాను.

ఆయనే అడిగాడు.

"మరి నీకో?"

"తెలీదు."

"మిషనుకి తెల్దా?"

"తెలుస్తుంది. నేనే అడగలేదు. భయమేసింది నాన్నా."

"బయమంటే అదీ" అన్నాడు కళ్లు తుడుచుకుంటూ. "అది వేరే. రేపు నన్నా గదికి తీసికెళ్లు."

పొద్దున్నే ఆటోలో తీసుకెళ్లాను. మూడంతస్తులు ఎక్కించడానికి నేనూ ఫర్జానా చెరోవైపు పట్టుకున్నాం. ఒక్కో మెట్టు మీదా ఆగి, తన కాలి వైపు కొత్త మనిషిని చూసినట్టు చూసుకున్నాడు. రికార్డింగు గదిలో కుర్చీ వేశాం. జోగారావు గారు తప్పుల పుస్తకం ఒళ్లో పెట్టుకుని మూల నిలబడ్డారు. ఇద్దరూ పలకరించుకోలేదు.

"అయ్యని సూపించు" అన్నాడు నాన్న.

ఫర్జానా పాత టేపు వేసింది. గీతలు గీతలుగా, తాత పంచె ఎగ్గట్టి నిలబడ్డాడు. తల మీద, నడుం చుట్టూ, కాళ్ల కింద. నాలుగో తిప్పులో ఆగాడు. నాన్న కుర్చీలోంచి ముందుకి వంగి తెర మీద తాత భుజం దగ్గర వేలు పెట్టాడు. మళ్లీ వెయ్యమన్నాడు. అయిదారుసార్లు వేయించుకున్నాడు. ప్రతిసారీ వేలు అక్కడే పెట్టాడు.

"ముందుకే ఎల్తన్నాడు" అన్నాడు తనలో తానే.

తర్వాత నా వైపు తిరిగాడు. "కర్ర తియ్యి."

"కెమెరాలు ఆన్ చెయ్యనా అంకుల్?" అని ఫర్జానా అడిగింది.

"అక్కర్నేదమ్మా. నా కళ్లున్నాయి కదా."

కర్ర అందుకున్నాను. మొదటిసారి వేగంగా చేశాను. "పరిగెడతన్నావు, నిదానం" అన్నాడు. రెండోసారి చేశాను. "కాలు సూసుకోకు. కాలు నాను సూత్తాను, నువ్వు కర్ర సూడు" అన్నాడు. చిన్నప్పుడు నేర్పినప్పటి గొంతే అది. మూడోసారి నేను కాలి సంగతి మర్చిపోయాను. గాలిలో కర్ర మోత ఒక్కటే వినపడింది. నాలుగో తిప్పు తిరిగి నిలబడ్డాను. నాకంతా సమయానికే జరిగినట్టు అనిపించింది.

"ఆగింది" అన్నాడు నాన్న.

ఫర్జానా వైపు చూశాను. ఫ్రేములు లెక్కపెట్టి బతికే పిల్ల, ఆమెకీ కనపడే ఉంటుంది. నేల చూపులు చూస్తోంది. మూల జోగారావు గారి చేతిలో కలం ఉంది గానీ కదల్లేదు.

సగానికి సగంలో నేను ఏ సగమో తెలిసిపోయింది. అయినా అలవాటు కొద్దీ నోట్లోంచి వచ్చింది లెక్కే.

"ఎంత?"

"రెప్పపాటు. రేపు ఆస్పత్రికెల్దాం, ఆ పరీచ్చేదో నీకూ సేయిద్దాం. నాకు తెల్సీసరికి ముప్పై ఏళ్లు పట్టింది. నీకు ముందే తెల్సింది." ఆయన నా కళ్లలోకి చూశాడు. "జంకనేదు తల్లీ. బుజం ముందుకే ఎల్లింది. నాను సూసినాను."

అప్పుడు ఏడ్చాను. దాచుకోవాలనిపించలేదు. ఏడుపు తగ్గాక ఆయన కుర్చీ చెయ్యి మీద వేలితో తట్టాడు. నేర్పేటప్పుడు చెప్పింది వినమనడానికి అలాగే తట్టేవాడు.

"ఇటు సూడు. అయ్యా, నానూ ఏటి సేసినామంటే, ఆగిన కాలిని తోసినాం. తోస్తే తూలిపోతాం. ఆగినకాడ ఆగనీ. ఎడమకాలు మీద నమ్మకం ఒగ్గీసి కర్ర నేలకి ఆన్చు. దాని మీద బరువేసి కుడికాలు తిప్పి ఎత్తుకో. అవతలోడు నువ్వు ఆగిపోయేవనుకుంటాడు."

అలాగే కర్ర ఆనించి చూశాను. ఒళ్లు దాని చుట్టూ తిరిగి, ఇదివరకు ఎప్పుడూ లేని వైపు తేలింది.

"ఇది మన నాలుగింట్లో లేదు కదా నాన్నా."

"నేదు. ఇది అయిదోది. ఇయ్యాలకాడ్నుంచి ఉన్నాది."

జోగారావు గారు పుస్తకం తెరిచి నాన్న ముందుకి వచ్చారు. "పైడిరాజూ, ఏమని రాయను?" అన్నారు. నాన్న "నన్నడగకండి బాబూ, తూకం దానిది" అని నన్ను చూపించాడు.

నేను పుస్తకం తీసుకుని మొదటి పేజీలో, మూడో గోదా పేజీలో, నాలుగో గోదా పేజీలో జంకు అన్న మాట కొట్టేసి, దాని మీద 'ఆగింది' అని రాశాను. ఏడో గోదా పేజీలో నా గర్వపు గీత కూడా కొట్టేశాను. తొమ్మిదో గోదా పేజీలో సింహాద్రి పేరు ఎదురుగా "నాలుగో తిప్పులో ఆగింది. సరిచెయ్యొద్దు" అని రాసి, పుస్తకం జోగారావు గారి చేతిలో పెట్టాను.

"ఫర్జానా, కెమెరాలు ఆన్ చెయ్యి" అన్నాను. "ఇప్పుడు తీసేది వంశంలో వెయ్యి. ఏడో గోదాది కూడా వెయ్యి. నలభైకి, యాభైకి, అరవైకి నేనెలా ఉంటానో అన్నీ చూద్దాం."

గది నాలుగు మూలలా ఎర్రదీపాలు వెలిగాయి. నాన్న కుర్చీ చెయ్యి మీద వేలితో తట్టాడు. నేను మొదటి తిప్పు దగ్గర్నుంచి మళ్లీ మొదలుపెట్టాను.